కప్ప లేని పాట

1995 ఏప్రిల్ 1, శనివారం

నా భార్య దయావతి పోయి రెండు నెలలు కావస్తోంది. ఇంకా ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడి "ప్రభువు చిత్తం" అని చెప్పి పోతున్నారు. ఆయన చిత్తం వీళ్ళకు ఇంత బాగా తెలిసినప్పుడు జనవరిలోనే వచ్చి చెప్పవలసింది. ఆస్పత్రుల చుట్టూ తిరగడమైనా తప్పేది.

ఒక పని మిగిలింది. చర్చి వరండా పక్కనున్న చిన్న గది తాళంచెవి. శనివారం మధ్యాహ్నాలు ఆమె అక్కడ మా ఊరు లక్డారం పిల్లలను పోగుచేసి ఆకులతో, మట్టలతో, సొరకాయ బుర్రలతో వాయిద్యాలు చేయించేది. వాటితో పాటలు కట్టించేది. మిషన్ స్కూల్లో వారమంతా చెప్పిన పాఠాలు చాలనట్టు. నేను దాన్ని పుల్లల బడి అనేవాణ్ణి. మా ఇల్లు చర్చికి ఎదురే. ఉన్న ఒక్క సగం రోజు సెలవులో పేపరు చదవనిచ్చేవాళ్ళు కాదు.

తాళంచెవి పాస్టరు బర్నబా అయ్యగారికి ఇచ్చేస్తే అయిపోతుంది. వచ్చే శనివారం ఇస్తాను.

ఏప్రిల్ 8

ఇవ్వడానికే వెళ్ళాను. పిల్లలు ముందే వచ్చి గది ముందు కూచున్నారు. ఎవరూ పిలవలేదు.

"తాళం తియ్ సార్," అంది సంగమ్మ. బక్కమ్మ మనవరాలు. పదకొండేళ్ళుంటాయి. ఎవరికీ జడిసే రకం కాదు.

"బడి లేదు. టీచరమ్మ లేదు కద."

"టీచరమ్మ లేదని మాకెరుకే. గది ఉన్నది కద."

తీశాను. తాళం తీసినంత మాత్రాన బడి నడిపినట్టు కాదు.

లోపలంతా చెత్త. ఎండిన సొరకాయ బుర్రలు, రంపంలాంటి అంచులున్న తాటి మట్టలు, డాల్డా డబ్బాలో చింతగింజలు, మూతి విరిగిన కుండలు. ఈ దేశంలో హార్మోనియం దొరకదన్నట్టు. ఎవరి చెత్త వాళ్ళు తీసుకుని వరండాలో గుండ్రంగా కూచున్నారు. నేను స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను, వాళ్ళు ముగిస్తే తాళం వేసుకుని పోదామని.

దాని పేరు రాత్రి పాట అట. మాటలు లేవు. నిరుడు వానాకాలంలో ఆమె ఒక్కొక్కరిని ఒక్కొక్క చప్పుడు తెమ్మందట. రాత్రి పండుకున్నాక చెవిన పడేది ఏదైనా సరే. ఒకడు కీచురాయిని తెచ్చాడు, ఆకు పీకతో. ఒకతె రేకుల మీద వానను తెచ్చింది, బుర్రలో చింతగింజలు వేసి. సంగమ్మ, ఇంకో ముగ్గురు కప్పలు. తాటి మట్ట పళ్ళ మీద పుల్లతో గీస్తారు. ఒకరు గీస్తే ఇంకొకరు జవాబిస్తారు.

చిన్నరాములు అనే తొమ్మిదేళ్ళవాడు ట్యాంకరును తెచ్చాడు. చీకట్లో వచ్చి కంపెనీల నీళ్ళు మా వాగులో వదిలిపోయే ట్యాంకరు. కుండ మూతికి నోరు పెట్టి ఇంజను. తర్వాత ఇంజను ఆపడం. వాల్వు తిప్పడం. తర్వాత ఒక కుండలోంచి ఇంకో కుండలోకి నీళ్ళు. వాడు చేస్తుంటే గోడ పక్కన పండుకున్న కుక్క లేచి నిలబడింది.

నీళ్ళు పడుతుండగా కప్పలు ఒక్కొక్కటే ఆగిపోతాయి. ట్యాంకరు వెళ్ళిపోతుంది. అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

"తర్వాత?" అన్నాను.

"తర్వాత టీచరమ్మకు జరమొచ్చింది," అన్నాడు చిన్నరాములు.

ఏప్రిల్ 9

మట్టల ఆదివారం. పిల్లలు ఈత మట్టలు పట్టుకుని ఊరేగారు. అయ్యగారు హడావుడిలో ఉన్నారు. తాళంచెవి ఇచ్చే సమయం కాదు.

ఏప్రిల్ 16

ఈస్టరు. పునరుత్థానం గురించి గంటన్నర ప్రసంగం. బర్నబా అయ్యగారు మంచివాడే. చెప్పిన మాటనే మళ్ళీ చెప్పి, అది రెండో మాట అనుకునే అలవాటు ఒకటి ఉంది. మధ్యలో నా వైపు చూశారు, నాకు ఓదార్పు కలిగిందా లేదా అని. నేను ఫ్యాను వైపు చూశాను.

ఏప్రిల్ 22

గది తీసి ఉంచి మా వరండాలో పేపరు పట్టుకుని కూచున్నాను. పిల్లలు వాన తప్పు వాయిస్తున్నారు. వాన ముందు నాలుగు చినుకులుగా మొదలై, ఆగి, అప్పుడు పడాలి. వాళ్ళు ఒకేసారి కుమ్మరిస్తున్నారు. వెళ్ళి చెప్పాను. నాకు పాటలు రావు. పన్నెండేళ్ళు బలవంతంగా విన్నవాడికి ఎవరికైనా తెలుస్తుంది.

అక్కడ ఉండగా సంగమ్మ ఒక మాటంది.

"చివర్ల కప్ప మళ్ళ వస్తది సార్. ఒక్కటే. అట్లుంటది పాట."

"ఎవరు చెప్పిన్రు?"

"టీచరమ్మనే. సంగారెడ్డి దవఖానకు పోయే దినం చెప్పింది. నువ్వు ఆటో తేనీకి పోయినవు అప్పుడు."

ఆ రోజు నేను ఆటో తీసుకుని వచ్చేసరికి దయావతి కళ్ళు మూసుకుని ఉంది. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. ఆయాసం వల్ల మాట్లాడలేకపోతోందని అనుకున్నాను. ఈ పిల్లతో మాత్రం కప్పల గురించి మాట్లాడిందట.

"వాగుల కప్పలు లేవు," అన్నాను.

"ఎందుకు లేవు?"

"ఆ నీళ్ళల్ల ఆక్సిజన్ లేదు. తోకకప్పలు బతకవు. పాత కప్పలు కూడ సచ్చిపోయుంటయి. ట్యాంకరు పోయినంక కప్ప అరుస్తదంటే అది కథ. నిజం గాదు."

"టీచరమ్మ చెప్పింది."

"టీచరమ్మ సైన్సు చదవలే."

పిల్లలంతా ఆ పిల్ల వైపే చూస్తున్నారు. నేను బి.ఎస్సీ. చదివినవాణ్ణి, పాశమైలారంలో మందుల కంపెనీలో కెమిస్టును. వాళ్ళకు అది లెక్కలోకి రాదు.

ఏప్రిల్ 23

నిజంగా చెప్పి ఉంటే నాకు కూడా చెప్పేది.

మే 3

కంపెనీలో నరసరాజు పిలిచాడు. పర్సనెల్ మేనేజరు. భీమవరం వైపు మనిషి. ఎవరితోనైనా భుజం మీద చెయ్యి వేసి మాట్లాడతాడు, చెయ్యి తీసేటప్పుడు బరువు అక్కడే వదిలేస్తాడు.

"ఏవండీ సత్యానందం గారూ, మీ మిసెస్ గారు పిల్లలకు ప్రకృతితో సంగీతం నేర్పేవారటండీ. పాస్టర్ గారు చెప్పారు. జూన్ అయిదు పర్యావరణ దినం. మన లాన్‌లో ప్రోగ్రాం. ఆ పిల్లలచేత ఒక ఐటం ఇప్పిద్దామండీ. హైదరాబాదు నుంచి మాస్టర్ని కూడా పెట్టాం."

వాగు గురించి ఊళ్ళవాళ్ళు కలెక్టరాఫీసు ముందు ధర్నాకు కూచున్నది మార్చిలో. ఏప్రిల్లో కంపెనీకి ప్రకృతి మీద ప్రేమ పుట్టింది. మేలో పిల్లలు కనిపించారు.

"నాకు సంబంధం లేదండీ. అది ఆమె పని," అన్నాను.

"ఆవిడ పేరు మీదే చేద్దామండీ."

లేచి వచ్చాను.

మే 6

మాస్టరు వచ్చాడు. భుజాన గిటారు, నుదుటి మీద నల్లకళ్ళద్దాలు. కంపెనీ జీపులోంచి దిగగానే ముక్కు మూసుకుని "ఈ వాసనేంటి" అన్నాడు. పిల్లలు నవ్వారు. వాళ్ళకు వాసన లేదు.

వేపచెట్టు కింద కూచోబెట్టి ఆకుపచ్చ కాగితం పంచాడు. ఆకులు కత్తిరించమన్నాడు. పైనుంచి వేపాకు రాలి కాగితాల మీద పడుతుంటే ఊది పారేస్తున్నాడు. ఆ కాగితపు ఆకులన్నీ థర్మకోల్ చెట్టుకు అతికిస్తారట. దీనికి ప్రకృతి ద్వారా హస్తకళ అని పేరు. బ్యానరు మీద కూడా రాయించాడు.

దయావతి పిల్లలను ముందు వారం పాటు ఊరికే కూచోబెట్టేది. వినమనేది. ఏమీ నేర్పకుండా ఎట్లా నేర్పుతావని నేను వెక్కిరించేవాణ్ణి. ఈ మనిషి మొదటి గంటలోనే అన్నీ నేర్పేశాడు.

మే 13

మాస్టరు రాత్రి పాట విన్నాడు. చాలా బాగుందన్నాడు. ట్యాంకరు భాగం మరీ నచ్చింది.

"ఈ వాటర్‌ఫాల్ ఎఫెక్ట్ సూపర్. ఎవరిది ఐడియా?"

"నాదే," అన్నాడు చిన్నరాములు.

"జలపాతం ఎక్కడ చూశావురా?"

చిన్నరాములు నా వైపు చూశాడు. జలపాతమో కాదో హైదరాబాదు మాస్టరుకు చెప్పడం నా పని కాదు.

మే 14

అయ్యగారి భార్య దయావతి చీరలు అడిగింది, లేనివాళ్ళకు పంచడానికి. బీరువా తాళం కనపడటం లేదన్నాను. తాళం బీరువాకే ఉంది.

మే 20

వెళ్ళలేదు. తలనొప్పి. ఇక్కడికి అన్నీ వినిపించాయి. పాటలో వాన ఇప్పుడు సరిగానే పడుతోంది.

మే 27

ఇవాళ చివర గురించి పంచాయతీ.

మాస్టరుకు కప్పలన్నీ తిరిగి రావాలి, పెద్ద కోరస్‌తో, గిటారుతో. "పాజిటివ్ ఎండింగ్ కావాలి సార్. మేనేజ్‌మెంట్ అడుగుతుంది." సంగమ్మకు ఒక్క కప్ప కావాలి. గిటారు వద్దు.

"ఒక్క కప్ప ఎవరికి వినపడుద్దమ్మా స్టేజీ మీద?"

"అందరు సప్పుడు జెయ్యకుండ ఉంటే వినవడ్తది."

వాళ్ళిద్దరూ నన్ను చూశారు. ఎందుకో తెలియదు. నేను న్యాయాధిపతిని కాను. అయినా చెప్పాను. కోరస్ అబద్ధం. ఒక్క కప్ప కూడా అబద్ధమే, చిన్న అబద్ధం. లేనిదాన్ని ఉన్నట్టు వాయిస్తే అది తప్పుడు పాట. తప్పుడు పాట వాయిస్తే పోయిన మనిషికి అవమానం.

ఆఖరి మాట అనవలసింది కాదు. అది పనిచేసింది.

సంగమ్మ తాటి మట్టను కింద పెట్టింది. "టీచరమ్మకు అవమానమైతే వద్దుతియ్ సార్," అంది.

మాస్టరు గిటారును సంచిలో పెడుతూ, "మీ ఇష్టం. సైలెంట్ ఎండింగ్. ఆర్ట్ ఫిల్మ్‌లా ఉంటుంది," అన్నాడు.

మొత్తానికి శాస్త్రం గెలిచింది.

జూన్ 3

రిహార్సల్ బాగా జరిగింది. అందరూ సరిగ్గా ఆగారు.

జూన్ 5, సోమవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. రేపు ఇంకెవరైనా ఇంకో రకంగా చెప్తారు.

లాన్‌లో షామియానా. ముందు వరుసల్లో సోఫాలు, తర్వాత కుర్చీలు, వెనక జంపఖానాల మీద ఊరి ఆడవాళ్ళు. నన్ను మూడో వరుసలో స్టాఫుతో కూచోబెట్టారు. ముఖ్య అతిథి సంగారెడ్డి నుంచి వచ్చిన పెద్ద అధికారి. ఆలస్యంగా వచ్చి మొక్క నాటాడు. నిరుడు నాటిన గుంతలోనే నాటారు. గుంత తవ్వే శ్రమ తప్పింది, నిరుటి మొక్క ఎటూ లేదు.

బర్నబా అయ్యగారు ప్రార్థించారు. నరసరాజు మాట్లాడాడు. కంపెనీ, గ్రామం, తల్లీబిడ్డ అన్నాడు. ఎవరు తల్లి, ఎవరు బిడ్డ అన్నది చెప్పలేదు. దయావతి పేరు చెప్పాడు. దమయంతి అన్నాడు. వెనకనుంచి ఆడవాళ్ళు సరిచేశారు.

తర్వాత పిల్లలు. థర్మకోల్ చెట్టు కింద గుండ్రంగా కూచున్నారు. మధ్యలో సంగమ్మ, ఆమె ముందు మైకు.

కీచురాళ్ళు. నాలుగు చినుకులు, ఆగి, వాన. కప్పలు. ఒకటి పిలిస్తే ఒకటి పలికింది. నాకు తెలియకుండానే నా పక్కవాడి మాట ఆపించాను, చెయ్యి ఎత్తి.

చిన్నరాములు కుండ ఎత్తి ఇంజను మొదలుపెట్టగానే వెనక ఆడవాళ్ళలో కదలిక వచ్చింది.

"అగో, వచ్చిండు," అంది ఒకామె.

"వాల్వు తిప్పుతడు సూడు ఇగ," అంది ఇంకొకామె. తిప్పాడు. అందరూ నవ్వారు.

ముఖ్య అతిథి నరసరాజు వైపు వంగి, "జలపాతమా?" అన్నాడు.

"అవునండీ," అన్నాడు నరసరాజు. ముఖం మాత్రం పాలిపోయింది. అతనికి అర్థమైంది. చాలా తెలివైన మనిషి, నేను తక్కువగా అనుకున్నాను.

నీళ్ళు పడ్డాయి. కప్పలు ఒక్కొక్కటే ఆగాయి. ట్యాంకరు వెళ్ళింది. పిల్లలు చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

సోఫాలవాళ్ళు చప్పట్లు కొట్టారు. కుర్చీలవాళ్ళూ కొట్టారు. పిల్లలు కదల్లేదు. చప్పట్లు ఆగాయి. పిల్లలు ఇంకా కదల్లేదు. ఆ నిశ్శబ్దం నాకు తెలిసినదే. సాయంత్రం షిఫ్టు బస్సు దిగి మా ఇంటి తలుపు తీస్తే ఉంటుంది.

అప్పుడు వెనకనుంచి బక్కమ్మ గొంతు.

"ఏందే పిల్లా, అయిపాయెనా? కప్పేదే?"

ఊరంతా ఆ పాట వరండా బయట నిలబడి విన్నదే. చివర కప్ప వస్తుందని సంగమ్మ ఇంట్లో చెప్పుకున్నట్టుంది.

సంగమ్మ మైకు దగ్గరే ఉంది. కూచున్నచోటి నుంచే జవాబిచ్చింది.

"లేదే అవ్వా. సత్యానందం సారు వద్దన్నడు."

"ఎందుకు వద్దన్నడే?"

"వాగుల కప్పలు లేవంట. గా నీళ్ళకు సచ్చిపోయినయంట. ఉన్నట్టు వాయిస్తే టీచరమ్మకు అవమానమంట."

కంపెనీ ఆ మైకు కొత్తగా కొన్నది. మంచి సరుకు. ఒక్క అక్షరం పోలేదు.

ఆడవాళ్ళు నవ్వడం ఆపేశారు. బక్కమ్మ లేచి నిలబడింది. "సచ్చినయని సారుకెరికేనా? మరి గిన్ని దినాలు నోట్ల బెల్లం పెట్టుకున్నడా?"

నన్నెవరడిగారు? అడిగితే కదా చెప్పేది.

"ఎవరీ సత్యానందం?" అన్నాడు ముఖ్య అతిథి.

నేను లేచి నిలబడ్డాను. బళ్ళో హాజరు పిలిచినట్టు అనిపించింది.

"మీరేం చేస్తారు?"

"ఇక్కడే కెమిస్టునండీ."

"కప్పలు నిజంగానే లేవా?"

"లేవండీ," అన్నాను.

తర్వాత వందన సమర్పణ. పిల్లలకు స్టీలు టిఫిన్ డబ్బాలు. నాకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. నా పక్క కుర్చీలు మాత్రం ఖాళీ అయ్యాయి.

లారీలో తిరిగి వస్తుంటే చిన్నరాములు, "మంచిగ లేకుండె సార్. చివర్ల ఊకె ఖాళీగుండె," అన్నాడు.

అదే సరైన ముగింపు అన్నాను. సంగమ్మ డబ్బా మూత తెరుస్తూ మూస్తూ కూచుంది. ఊరొచ్చేదాకా నా వైపు చూడలేదు.

జూన్ 6

నరసరాజు. ఈసారి భుజం మీద చెయ్యి లేదు.

"మీరు మా మనిషనుకున్నామండీ."

"నేను పిల్లల పాట గురించి చెప్పాను. కంపెనీ గురించి కాదు."

"అందుకే అడుగుతున్నానండీ. పాటే కదా. శనివారం చర్చి దగ్గర ఊరివాళ్ళను కూచోబెడతాం. మీరు ఒక్క మాట అనండి. పాట కోసం అట్లా చెప్పాను, వాగులో కప్పలున్నాయి, అని. ఆ పిల్ల కూడా సంతోషిస్తుంది. కప్ప కావాలని అడిగింది తనేగా?"

అది నిజమే. సంగమ్మకు కప్ప కావాలి. కంపెనీకీ కప్పే కావాలి. వద్దంటున్నది నేను ఒక్కణ్ణే.

"ఉన్నాయని నేను చూడలేదు," అన్నాను.

"లేవనడానికి మాత్రం వెళ్ళి చూశారా సత్యానందం గారూ?"

బయటికి వచ్చాను. అటువంటి మనిషి నోట్లోంచి అటువంటి ప్రశ్న రావడం అన్యాయం.

జూన్ 8

చూడలేదు. ల్యాబులో నీళ్ళ రిపోర్టులు చూశాను. బస్సు వాగు దాటేటప్పుడు కిటికీ మూసుకుంటాను. చదువుకున్నవాడికి అది చాలు.

చాలదని దయావతి అనేది. కప్పల గురించి కాదు, వేరే వాటి గురించి.

జూన్ 10

చర్చి వరండాలో కూటం. నరసరాజు, అయ్యగారు, ఊరివాళ్ళు. ఒక పేపరు విలేఖరి కూడా వచ్చాడు, టీ తాగాడు. సంగమ్మ, బక్కమ్మ కొంగు పట్టుకుని నిలబడింది.

అయ్యగారు ముందుగా శాంతి సమాధానాల గురించి ఒక ప్రార్థన చేశారు. ఆయన నిన్న ఇంటికి వచ్చి, "బ్రదర్, చిన్న కప్ప కోసం పెద్ద కొలువు పోగొట్టుకుంటవా?" అన్నారు. కంపెనీ చర్చికి ప్రహరీగోడ కడతానన్నదట. ఆ సంగతి ప్రార్థనలో రాలేదు.

నన్ను మాట్లాడమన్నారు.

"కప్పలు లేవని పిల్లలకు చెప్పిన. నేను పోయి చూడలేదు. చూడకుంట చెప్పిన," అన్నాను.

నరసరాజు ముఖం వికసించింది. "విన్నారు కదండీ," అన్నాడు అందరి వైపు తిరిగి.

"ఉన్నయని కూడ చూడలేదు. వానలు పడ్డంక పోయి చూసి, అప్పుడు చెప్త. అప్పటిదాక ఉన్నయని అనను, లేవని అనను."

"గది మంచిమాట," అంది బక్కమ్మ. "సూడకుంట చెప్పుడేంది ఎవరైనా?"

విలేఖరి ఏమీ రాసుకోలేదు. కప్పలు ఉన్నాయన్నా వార్తే, లేవన్నా వార్తే. చూసి చెప్తానంటే వార్త కాదు.

వెళ్ళేటప్పుడు నరసరాజు నా పక్కకు వచ్చి మెల్లగా, "మీరు చాలా అలసిపోయినట్టున్నారండీ. కొన్నాళ్ళు ఇంటిదగ్గరే విశ్రాంతి తీసుకోండి. మేమే కబురు చేస్తాం," అన్నాడు.

కబురు రాదని ఇద్దరికీ తెలుసు.

జూన్ 11

చర్చికి పోలేదు.

జూన్ 17

గది తీశాను. పిల్లలు వచ్చారు. సంగమ్మ రాలేదు. నలుగురు కప్పల్లో ఒక కప్ప లేకపోతే ఏమీ తేడా ఉండకూడదు. తేడా ఉంది.

జూన్ 20

బీరువా తుడిచాను. చీరలు మళ్ళీ లోపలే పెట్టాను.

జూన్ 24, శనివారం

రెండు రోజులుగా వాన. ఇవాళ తెరపి ఇచ్చింది.

సంగమ్మ వచ్చింది. గదిలోకి పోకుండా నేరుగా మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"వానలు పడ్డయి సార్."

"చూస్తున్న."

"సూసి చెప్తనన్నవు."

"అన్న."

కదల్లేదు. గడపను కాలి వేలితో గీకుతూ ఉంది. నేను పేపరు మడిచి, రెండు నెలలుగా అడగనిది అడిగాను.

"టీచరమ్మ నిజంగనే చెప్పిందా, కప్ప వస్తదని?"

అబద్ధమని ఒప్పుకుంటుందనుకున్నాను. దానికి ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాను.

"పాట చివర్ల ఏం రావాలె టీచర్ అని నేనే అడిగిన," అంది. "వానలు పడ్డంక వాగుకాడికి పోయి కూసోమన్నది. చెవి పెట్టి ఇనుమన్నది. కప్ప వస్తే వాయించు, రాకపోతే వాయించకు అన్నది. గంతే అన్నది."

"మరి వస్తదని ఎందుకు చెప్పినవు?"

"రావాలె గదా సార్," అంది.

ఇది దయావతి మాటే. ఆ పిల్ల కల్పించలేదు. దయావతి కప్ప వస్తుందనీ అనలేదు, రాదనీ అనలేదు. వినమంది. నాతో చెప్పి ఉంటే నవ్వి, పేపరు తిప్పేసేవాణ్ణి. అందుకని నేను ఆటోకు పోయేదాకా ఆగి ఉంటుంది. లేదా ఆ పిల్ల అడిగింది, నేను అడగలేదు. అంతే కావచ్చు.

పిల్లలందరినీ తీసుకుని పోయాను. వాయిద్యాలు తేవద్దన్నాను. పొద్దు వాలుతుండగా వాగు గట్టు మీద కూచున్నాం. పన్నెండేళ్ళుగా ఈ ఊళ్ళో ఉండి అక్కడికి పోవడం ఇదే మొదలు. నీళ్ళ మీద నురుగు పరుపులా పేరుకుని ఉంది. వానకు కూడా కరగలేదు. రిపోర్టులో ఇది ఒక అంకె, రెండు దశాంశాలతో.

నేను మాట్లాడవద్దని చెప్పలేదు. ఎవరూ మాట్లాడలేదు. ఆమె అలవాటు చేసినట్టుంది. పాశమైలారం సైరన్ విన్నాం. హైవే మీద లారీలు విన్నాం. ఎవరి ఇంట్లోనో రేడియో. కీచురాళ్ళు కూడా విన్నాం, ఆ ఆకు పీకవాడు నిజంగా బాగా పట్టుకున్నాడు. ఇంకా ఏవేవో ఉన్నాయి. ఇన్ని చప్పుళ్ళు ఉంటాయని అనుకోలేదు.

కప్ప లేదు.

"నువ్వన్నదే నిజమాయె సార్," అన్నాడు చిన్నరాములు. వాడికి ఒకటి తగిలించాలనిపించింది.

"ఈడ లేదు," అంది సంగమ్మ. "ఈడనే గదా ట్యాంకరు ఆగేది. పైకి పోవాలె. బాట లేనికాడికి."

చీకటి పడుతోంది. తల్లులు కేకలు వేస్తున్నారు. రేపు పోదామన్నాను.

తిరిగి వస్తుంటే అయ్యగారు ఎదురై, రేపు ఆరాధన తర్వాత నా ఉద్యోగం కోసం ప్రత్యేక ప్రార్థన ఉందన్నారు. నేను లేకపోయినా జరపవచ్చన్నాను.

జూన్ 25

వాగు వెంబడి పైకి పోయాం. సర్కారు తుమ్మలు, బురద. పిల్లలు చెప్పులు చేతుల్లో పట్టుకుని నడిచారు. నేను బూట్లు వేసుకుని పోయి రెండుసార్లు జారాను, వాళ్ళకు మంచి కాలక్షేపం. నురుగు పల్చబడింది కాని పోలేదు. బండల దగ్గర కూచున్నాం.

సంగమ్మ తల ఎత్తి నా మోచెయ్యి పట్టుకుంది. "ఇన్నవా సార్?" అంది.

నేను వినలేదు. అయినా వాదించలేదు. మళ్ళీ వస్తుందేమోనని అందరం చాలాసేపు ఆగాం. రాలేదు.

"ఏం జేద్దాం సార్? వాయించాల్నా, వద్దా?"

"నువ్విన్నవు. నేనింకా వినలేదు," అన్నాను.

రేపు బడి విడిచినాక వాళ్ళు మా ఇంటికే వస్తారు. ఇంకొంచెం పైకి పోతాం.